కిలో రాయీ పావుకిలో రాయీ బరాబర్ అయిన రోజు

అది 2012, చలికాలం మొదలు. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద, ఒక టైర్ల షాపుకీ ఒక మిర్చి బజ్జీల బండికీ మధ్య నా దుకాణం. బరువులు తూచే యంత్రాలను బాగుచేయడం నా వృత్తి. నా బరువు పెంచడం ఆ బజ్జీల బండి వృత్తి. ఇద్దరం శ్రద్ధగానే పనిచేసేవాళ్ళం.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. అమ్మకానికి వాడే ప్రతి కాంటా మీదా ప్రభుత్వ ముద్ర ఉండాలి. ముద్ర పడే ముందు నాలాంటి లైసెన్సున్న మెకానిక్ దాన్ని సరిచేసి పెట్టాలి. ఆ సరిచేయడాన్ని కాలిబ్రేషన్ అంటాం. అంటే, కచ్చితంగా ఇంత అని తెలిసిన టెస్ట్ వెయిట్‌ను కాంటా మీద పెట్టి, కాంటా కూడా అదే మాట అనేదాకా దాని చెవి మెలిపెట్టడం. బస్తాలు తూచే పెద్ద ప్లాట్‌ఫారం కాంటాలు వచ్చినప్పుడు, తొందరలో నేనే ఎక్కి నిలబడి చూసేవాణ్ణి. తొంభై ఆరు కిలోలు. భోజనానికి ముందైతే నేను నమ్మదగిన టెస్ట్ వెయిట్‌నే.

విమానాశ్రయం తెరిచిన ఏడాదే నేను కూడా మైలార్‌దేవ్‌పల్లి నుంచి శంషాబాద్‌లో దిగాను. దానికి రన్‌వే ఉంది, నాకు లేదు, అంతే తేడా. వచ్చీ రాగానే పెద్ద బోర్డు రాయించాను: ‘మా కాంటా – ఎక్కడైనా కచ్చితం’. ఆ ‘ఎక్కడైనా’ ఊరికే రాయించింది కాదు. భూమి అన్నిచోట్లా ఒకేలా లాగదు. ఉత్తరాదిన ఫ్యాక్టరీలో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాంటాను ఇక్కడికి తెచ్చి కిలో రాయి పెడితే, గ్రాము లోపే గానీ, తక్కువ చూపిస్తుంది. రాయి అరగలేదు, కాంటా చెడలేదు. అక్కడికంటే ఇక్కడ భూమి ఒక పిసరు మెల్లగా లాగుతుంది. బంగారం కొట్లవాళ్ళకు ఆ పిసరు కూడా ముఖ్యమే కాబట్టి, ఏ ఊళ్ళో కాంటాను ఆ ఊళ్ళోనే సరిచేయాలి. ఈ సంగతి తెలిసినందువల్ల, గురుత్వాకర్షణతో నాకు చుట్టరికం లాంటిదేదో ఉందని నమ్మేవాణ్ణి. చుట్టాల గురించి మనకు సగమే తెలుస్తుందని అప్పటికి తెలియదు.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కాంటాను కింద పడేయకూడదు. నాకు పని నేర్పిన మేస్త్రీగారు, నేను ఒక చిన్న త్రాసును చెయ్యిజార్చినందుకు, ఒక పూటంతా దుకాణం మెట్ల మీద నిలబెట్టారు. ఆ తరువాత ఇరవై రెండేళ్ళలో నా చేతిలోంచి ఒక్క కాంటా పడలేదు. కాబట్టి, పడుతున్న కాంటా ఏం చెబుతుందో తెలుసుకునే అవకాశం నాకు రాలేదు. తప్పంతా అక్కడే ఉంది.

విమానాశ్రయం ప్రహరీ గోడకు అవతల ఒక ఊళ్ళో ప్రభుత్వ హైస్కూలు ఉంది. విమానం దిగేటప్పుడు చక్రాలు లెక్కపెట్టగలిగినంత కింద నుంచి పోతుంది. పిల్లలు తల కూడా ఎత్తరు, టీచర్లు మాత్రం వాక్యం మధ్యలో ఆగి, విమానం పోయాక మిగతా సగం చెబుతారు. మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాంటా మొరాయించిందని వాళ్ళు కబురు పెడితే, ఒక సోమవారం వెళ్ళాను. లోపల లోడ్ సెల్, అంటే బరువు పడితే రవంత వంగి ఆ సంగతి కరెంటు భాషలో చెప్పే లోహపు ముక్క, దాని తీగను ఎలుక కొరికింది. అరగంటలో అయిపోయింది.

సైన్సు చెప్పే రమాదేవి టీచర్ వచ్చారు. "సార్, ఎట్లాగూ వచ్చిన్రు. మా పిల్లలకు జర కాంటా ఎట్ల పనిచేస్తదో చెప్పి పోరాదు?"

నన్ను ఎవరైనా మాట్లాడమంటే కాదనే అలవాటు లేదు, ఆపమంటే ఆపే అలవాటూ లేదు. ఎనిమిదో తరగతి ముందు నిలబడి లోడ్ సెల్ గురించీ స్ప్రింగు కాంటా గురించీ ముప్పావుగంట చెప్పాను. చివర్న, దూరంగా గోడ పక్కన కూర్చున్న రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది. పేరు స్వరూప.

"సార్, గీ కాంటాను అంతరిక్షంలకు తీస్కపోతే ఎంత చూపెడ్తది?"

"సున్నా," అన్నాను వెంటనే. "అక్కడ అన్నీ తేలుతుంటాయి కదమ్మా. దాని మీద ఏదీ కూర్చోదు. స్ప్రింగు కాంటా కూడా అంతే, స్ప్రింగు సాగదు."

"మరి తరాజు?"

మా ఇంట్లో త్రాసు అనేదాన్ని ఇక్కడ తరాజు అంటారు. రెండు పళ్ళేలు, మధ్యలో కాడ, పైన ముల్లు. ఆ మాట వినగానే నా ఛాతీ విప్పారింది. నా సంచిలో ఎప్పుడూ ఒక ఇత్తడి త్రాసు ఉంటుంది. మొదటి సంపాదనతో కొనుక్కున్నది. అనుమానం వచ్చిన ప్రతి కాంటానూ చివరికి దాని ముందే నిలబెడతాను.

"త్రాసు వేరమ్మా," అన్నాను. "మిగతావన్నీ భూమి ఎంత లాగుతుందో చెబుతాయి. త్రాసు మాత్రం ఈ పక్కా ఆ పక్కా పోల్చి చెబుతుంది. చందమామ మీదికి తీసుకుపో, అక్కడ లాగుడు తక్కువే, కానీ రెండు పక్కలా తక్కువే కదా! కిలో కిలోయే. అంతరిక్షంలోనైనా అంతే. ఎక్కడైనా కచ్చితం!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. స్వరూప కొట్టలేదు.

"రాళ్ళు గూడ తేల్తయి గద సార్? పళ్ళెంల కూసోకుంటె ఎట్ల తూగుతది?"

మంచి ప్రశ్న. మంచి ప్రశ్నకు మనిషి చెయ్యాల్సింది ఆలోచించడం. నేను నవ్వేశాను. "రెండు పక్కలా ఒకటే న్యాయం అమ్మా. రాసుకో. గ్యారంటీ నాది."

ఆ పిల్ల రాసుకుంది.

బయటికి వస్తుంటే టీచర్ అసలు సంగతి చెప్పారు. శనివారం మండల స్థాయి సైన్స్ ఫెయిర్. ఈ బడి తరఫున స్వరూప పోతోంది. ‘అంతరిక్షంలో మన ఇంటి సామాను’ ఆ పిల్ల అంశం. కిందటేడు కూడా పోయింది. చార్టులు తప్ప చూపించడానికి ఏమీ లేదని నిర్ణేతలు బల్ల దగ్గర నిలబడకుండానే వెళ్ళిపోయారట. ఈసారి ఎంపికైతే జిల్లా ప్రదర్శనకు పోవచ్చు, కాకపోతే ఇక ఏ ఫెయిర్‌కూ పోనని ఆ పిల్ల పంతం. "వాళ్ళమ్మ అంగట్ల కూరగాయలు అమ్ముతది సార్. అమ్మ తరాజునే నడిమిట్ల పెడ్తదంట. మీరు చెప్పిన మాటనే పెద్దగ రాపిస్తున్నం."

‘అంతరిక్షంలో కూడా మోసం చెయ్యనిది తరాజు ఒక్కటే’. అదీ ఆ మాట. నేను పొంగిపోయి, ఇంటికి వెళ్ళి మా ఆవిడ విజయకు రెండుసార్లు చెప్పాను.

గురువారం మధ్యాహ్నం దుకాణంలో, కొక్కేనికి తగిలించడానికి ఒక స్ప్రింగు కాంటాను పట్టుకొని స్టూలెక్కాను. కాంటా కింద అయిదు కిలోల టెస్ట్ వెయిట్ వేలాడుతోంది. క్యారేజీ తెచ్చిన విజయ, "ఏమండీ, ఆ స్టూలు మీ వయసుదే. దిగండి," అంటూనే ఉంది. స్టూలు ఆవిడ మాట విన్నది. నాకంటే ముందే దిగింది.

కింద ఖాళీ గోనెసంచుల కట్టలు ఉండబట్టి సరిపోయింది. కానీ నేను చెప్పదలుచుకున్నది పడడం గురించి కాదు, పడుతున్నప్పుడు చూసినదాని గురించి. ఇరవై రెండేళ్ళ అలవాటు, మనిషి పడిపోతున్నా కళ్ళు కాంటా ముల్లు మీదే ఉన్నాయి. అయిదు దగ్గర ఉన్న ముల్లు, నా కాళ్ళ కింద స్టూలు పోయిన క్షణంలో, టక్కున సున్నాకు పోయింది. గోనెసంచుల మీద పడగానే మళ్ళీ ఎగిరిపడింది.

విజయ పరుగెత్తుకొచ్చింది. "ఎక్కడ తగిలింది?"

"సున్నా!" అన్నాను.

"ఎంత తగిలిందని అడగలేదండీ. ఎక్కడ తగిలిందని అడిగాను."

"ముల్లు సున్నాకు పోయిందే! అయిదు కిలోలు వేలాడుతుంటే!"

ఆవిడ నా తల తడిమి చూసింది. నేను లేచి, గోనెసంచుల మీదికి కాంటాను ఈసారి కావాలనే వదిలాను. మేస్త్రీగారు గుర్తొచ్చి, మనసులో ఒక దండం పెట్టుకొని మరీ వదిలాను. మళ్ళీ సున్నా. ఇంకోసారి. సున్నా. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నేను కాంటాను పట్టుకొని ఉన్నంతసేపూ రాయి కిందికి పోదామంటుంది, కాంటా ఆపుతుంది. ఆ పెనుగులాటే ముల్లు చూపించే బరువు. కాంటా కూడా రాయితోపాటే పడుతుంటే ఇక ఎవరు ఎవర్ని ఆపాలి? భూమి ఎప్పటిలాగే లాగుతోంది. ఆపేవాడే లేడు.

అప్పుడు సోమవారం ఇచ్చిన గ్యారంటీ గుర్తొచ్చింది. టీచర్‌కు ఫోన్ చేశాను.

"మేడం, అంతరిక్షంలో వాళ్ళు తేలుతుంటారా, పడుతుంటారా?"

"పడుతనే ఉంటరు సార్. ఆ ఎత్తుల భూమి లాగుడు పెద్దగ తగ్గదు. కాకపోతే వాళ్ళ బండి పక్కకు శానా జోరుగ పోతుంటది. పడుడు పడుతనే ఉంటది, భూమి గుండ్రంగ ఉంది గనుక కింద నేల వంగిపోతుంటది. గందుకే ఎన్నటికీ తగలదు, సుట్టు తిరుగుతుంటది. వాళ్ళు, వాళ్ళ సామాను, అన్నీ ఒక్కతీరుగ పడుతయి గనుక తేలినట్టు కనిపిస్తయి. ఏమైంది సార్?"

"ఏమీ లేదండీ. పడ్డాను," అని పెట్టేశాను.

అంటే చందమామ మీద నిలబడటం వేరు, అంతరిక్షంలో తిరగడం వేరు. చందమామ మీద కాళ్ళ కింద నేల ఉంది. అక్కడ త్రాసు పనిచేస్తుంది. తిరిగే బండిలో త్రాసు, రాళ్ళు, పట్టుకున్న చెయ్యి అన్నీ కలిసి పడుతుంటాయి. నా ఇత్తడి త్రాసు తీశాను. ఒక పళ్ళెంలో కిలో రాయి, ఇంకో పళ్ళెంలో పావుకిలో రాయి పెట్టి, జారిపోకుండా గుడ్డపేలికలతో కట్టాను. కాడను రెండు కొసల దగ్గరా పట్టుకొని, మట్టంగా, సమానంగా ఉంచి, రెండు చేతులూ ఒకేసారి వదిలాను.

సమానంగానే పడింది.

ఈసారి ఇంకా అన్యాయం చేశాను. కిలో పక్క పైకి, పావుకిలో పక్క కిందికి పెట్టి వదిలాను. అలాగే పడింది. కిలో పైన, పావు కింద! ఎన్నో దొంగ కాంటాల మీద తీర్పు చెప్పిన నా త్రాసు, ఎలా పట్టుకొని వదిలితే అలా ఉండిపోతోంది. మోసం కాదు పాపం. దాని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, అంతే.

"ఇంతకీ ఏం తేలింది?" అంది విజయ.

"ఏదీ తేలదు. అన్నీ పడతాయి," అన్నాను. "ఆ పిల్ల శనివారం నా అబద్ధాన్ని రంగుల్లో రాసి నలుగురి ముందు నిలబడబోతోంది."

శుక్రవారం పొద్దున్నే మా మంచం మీది పరుపు చుట్టి ఆటోలో ఎక్కిస్తుంటే విజయ గుమ్మంలోకి వచ్చింది. "పరుపెక్కడికండీ?"

"బడికి."

"నిద్రపోవడానికైతే ఇంట్లోనే పోవచ్చుగా. చదువుకునే రోజుల్లో పరుపు లేకుండానే బడిలో నిద్రపోయేవారట, మీ అమ్మగారు చెప్పేవారు."

బడి వరండాలో స్వరూప చార్టు ఆరబెడుతోంది. నడిమధ్య, మెరుపుల రంగుతో నా వాక్యం. ఎన్నో కాంటాల దగ్గర ‘తప్పు చూపిస్తోంది’ అని ధైర్యంగా చెప్పినవాణ్ణి, నా తప్పు చూపించుకునే ముందు ఆ చార్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను. చివరికి చెప్పేశాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"గ్యారంటీ అంటిరి గద సార్!"

"అన్నానమ్మా. గ్యారంటీ ఉంది కాబట్టే సర్వీసుకు వచ్చాను."

"రేపే పోటీ. గియ్యాల చెప్తరా? నేను సోమవారమే అడిగిన గద, రాళ్ళు పళ్ళెంల ఎట్ల కూసుంటయని. మీరు నవ్విన్రు."

"నవ్వాను. తప్పు. నువ్వు అడిగిందే సరైన ప్రశ్న. నా జవాబే చెడిపోయిన కాంటా," అన్నాను.

ఆ పిల్ల కాసేపు చార్టునూ, నన్నూ, ఆటోలోంచి దిగుతున్న పరుపునూ చూసింది. "గా పరుపేంది సార్?"

"అంతరిక్షం," అన్నాను.

పరుపును మేడమెట్ల పక్కన నేల మీద పరిచాం. టీచర్ పిల్లలందర్నీ దూరంగా నిలబెట్టి, ఫోన్లో వీడియో తీయడానికి సిద్ధమయ్యారు. నేను సగం మెట్లెక్కి, ఊచల మీదుగా చేతులు చాపి, కిలో, పావుకిలో కట్టిన త్రాసును సమానంగా పట్టుకొని వదిలాను. పడుతున్నంతసేపూ కాడ కదల్లేదు. పరుపు తగిలాకనే ఒరిగింది.

"బరాబర్!" అని అరిచాడు ఎవడో. ఇంకేముంది, బడి మొత్తం బరాబర్, బరాబర్ అని అరుపులు. కిలో పైకి, పావు కిందికి పెట్టి వదిలితే ఇంకా ఎక్కువ అరిచారు. స్వరూప మాత్రం అరవలేదు. టీచర్ ఫోన్లో వీడియోను ఆపి ఆపి చూసింది. మెల్లగా ఆ మొహంలో కోపం పోయి, ఇంకేదో వచ్చింది. ఎండలోకి తలుపు తీసినట్టు.

"సార్, గట్లయితే నీళ్ళ సీసాకు కింద పొక్క పెట్టి, మూత తీసి ఇడిస్తే, పడేటప్పుడు నీళ్ళు కారయి గద?"

"నాకు తెలియదమ్మా," అన్నాను. నిజానికి తెలుసనే అనుకున్నాను. కానీ వారంలో రెండో గ్యారంటీ ఇచ్చే ధైర్యం లేదు. "చూద్దాం."

చూశాం. చేతిలో ఉన్నంతసేపూ పొక్కలోంచి సన్నటి ధార. వదలగానే, కత్తిరించినట్టు ఆగిపోయింది. సీసాతోపాటు నీళ్ళు కూడా పడుతుంటే, బయటికి నెట్టేదెవరు? నీళ్ళన్నీ పరుపు మీద. ఆ రాత్రికి మా పడక చాప మీదేనని అప్పుడే తెలిసిపోయింది. అయినా అంత ఆనందంగా ఎప్పుడూ తడవలేదు. అంతలో నెత్తిమీద నుంచి ఒక విమానం దిగుతూ పోయింది. పరుపు మీద నీళ్ళసీసాను పట్టుకొని గంతులేస్తున్న టీచర్‌నూ, తొంభై ఆరు కిలోల మెకానిక్‌నూ కిటికీలోంచి ఎవరైనా చూసి ఉంటే, ఈ ఊరి గురించి ఏమనుకున్నారో.

స్వరూప నా వాక్యం మీద తెల్లకాగితం అంటించి, సొంతంగా ఇంకోటి రాసింది: ‘అందరం కలిసి పడుతుంటే ఎవ్వరికి బరువుండది’.

శనివారం మండల కేంద్రంలో పెద్ద బడి. ఎన్నో బల్లలు. పొగ కక్కే అగ్నిపర్వతాలు, తిరిగే గాలిమరలు. మా బల్ల దగ్గర ఒక పరుపు, అదింకా పూర్తిగా ఆరలేదు. నిర్ణేతల్లో పెద్దాయన, కళ్ళజోడు ముక్కు కొనకు జార్చుకొని, స్వరూప వాళ్ళమ్మ తరాజునూ నా ఇత్తడి త్రాసునూ చూశారు. నేను రెండడుగుల వెనక, స్తంభం చాటున నిలబడ్డాను. నన్ను దాచగల స్తంభం ఆ బడిలో లేదు, అది వేరే విషయం.

స్వరూప మొదలుపెట్టింది. "సార్, అంతరిక్షంల అన్నం మీద ఉప్పు చల్లితే అన్నం మీద పడది, ముక్కులకు పోతది. గందుకే గక్కడ ఉప్పు నీళ్ళల్ల కలిపి వాడుతరు. గ్లాసుల నీళ్ళు వంపితే కింద పడయి, గోళీ తీరు గుండ్రంగ అయి తిరుగుతయి. పండుకోనీకె మంచం అక్కర్లే, సంచిల దూరి గోడకు కట్టేస్కుంటరు. ఏడిస్తే కండ్లల్ల నీళ్ళు జారయి, ఆడ్నే ముద్ద కడ్తయి."

"బాగుంది. అక్కడ గ్రావిటీ ఉండదు కాబట్టి," అన్నారాయన, ముందుకు కదులుతూ.

కిందటేడు లాగే వెళ్ళిపోతున్నారు. నా గుండె పరుపు కంటే తడిగా ఉంది.

"ఉంటది సార్," అంది స్వరూప.

ఆయన ఆగారు.

"లేకుంటే చందమామ మనల్ని ఇడిసిపెట్టి పోతుండె గద సార్? గంత దూరముంటేనే లాగుతున్నది. గా బండ్లు మనకు శానా దగ్గర తిరుగుతయి. లాగుడు ఉంది. ఆపేటిది లేదు. చూపెట్టాల్నా?"

బల్ల మీదికి స్టూలేసి ఎక్కింది. నేను స్టూలు వైపు అనుమానంగా చూశాను. కొత్తదే. కిలో, పావుకిలో కట్టిన ఇత్తడి త్రాసును సమానంగా పట్టుకుంది. "సార్, ముల్లునే చూడున్రి." వదిలింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "మళ్ళీ."

మళ్ళీ వదిలింది. ఈసారి కిలో పైకి పెట్టి.

"అమ్మాయ్, నువ్వు దిగు," అన్నారాయన. చెప్పులు విప్పి, ధోవతి లాంటి తెల్లప్యాంటును రెండు చేతులా పైకి లాక్కొని, బల్ల మీదికి ఎక్కారు. తానే వదిలారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి త్రాసు పరుపు తప్పి నేల మీద పడి ఠంగుమంది. ముల్లు వంకరపోయింది. ఇరవై రెండేళ్ళు నిటారుగా నిలిచిన ముల్లు. నేను స్తంభం చాటున కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది.

దిగాక ఆయన ఆఖరి ప్రశ్న అడిగారు. "బాగుంది. కాంటా పనిచెయ్యదు, తరాజు పనిచెయ్యదు. మరి అక్కడ ఉండేవాళ్ళు లావయ్యారో సన్నబడ్డారో ఎట్లా తెలుసుకుంటారు?"

ఇది మేం అనుకోలేదు. నాకు తెలియదు. టీచర్ వైపు చూస్తే, ఆమె నా వైపు చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పేయడం ఎంత తేలికో నాకు తెలుసు. ఆ పిల్ల నాలాంటిది కాదు.

"నాకు తెల్వది సార్," అంది. "జర ఆలోచిస్త."

ఆయన ఆగారు. ఆ పిల్ల కళ్ళు బల్ల మీదున్న వాళ్ళమ్మ తరాజు మీద ఆగాయి.

"సార్, మా అమ్మకు తోపుడుబండి ఉన్నది. పొద్దుగాల నిండ కూరగాయలుంటె, ఎంత నూకినా జల్ది కదలది. మాపటికి ఖాళీ అయినంక జర నూకితే ఉరుకుతది. బండిని నేనేం ఎత్తుతలేను, కింద చక్రాలే మోస్తున్నయి. అయినా ఎరుకైతది. గక్కడ గూడ మనిషిని నూకి చూస్తె తెలుస్తది గద? లావు మనిషి మెల్లగ కదుల్తడు, సన్న మనిషి జల్ది కదుల్తడు."

ఆయన రాసుకుంటున్న కలం ఆగింది. "అక్కడ నిజంగా అట్లానే చేస్తారమ్మా," అన్నారు మెల్లగా. "స్ప్రింగుల కుర్చీలో కూర్చోబెట్టి ఊపుతారు. ఎంత మెల్లగా ఊగితే మనిషి అంత లావు. నీకు ఎవరు చెప్పారు?"

"ఎవ్వరు చెప్పలే సార్. రోజు నూకుత గద."

జిల్లాకు ఎంపికైనవాళ్ళ పేర్లు మైకులో చదివినప్పుడు స్వరూప పేరు రెండోది. ఆ పిల్ల అరవలేదు. పరుపు మీద కూర్చుండిపోయి, రెండు జడలూ పట్టుకొని నవ్వింది. అరిచింది నేను. "బరాబర్!" అని. పక్క బల్ల అగ్నిపర్వతం కుర్రాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఈ వృత్తిలో నాకు ఎన్నో కాంటాలు గుర్తులేవు గానీ, ఆ వారాన్ని మాత్రం మరిచిపోలేదు. బరువు రాయిలోనే ఉంటుందని ఇరవై రెండేళ్ళు నమ్మినవాణ్ణి. రాయిలో ఉన్నది రాయి మాత్రమే. కిందినుంచి ఎవరో ఒకరు ఆపుతుంటేనే, అది చెయ్యి గానీ పళ్ళెం గానీ నేల గానీ, బరువన్నది తెలిసేది. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ఒక పిల్ల ‘ఎట్ల?’ అని రెండోసారి అడిగిందంటే, మన కాలిబ్రేషన్ గడువు దాటిపోయిందని అర్థం. ఆ తరువాత ఎవరేం అడిగినా, ‘తెలియదు, చూద్దాం’ అని మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆశ్చర్యం, దుకాణానికి వచ్చేవాళ్ళు తగ్గలేదు.

నెల తరువాత స్వరూప, వాళ్ళమ్మ తరాజును ముద్ర పనికి సరిచేయించడానికి దుకాణానికి తెచ్చింది. అప్పుడే పెయింటర్ నిచ్చెనెక్కి నా బోర్డులో మార్పు చేస్తున్నాడు. ‘మా కాంటా – భూమ్మీద ఎక్కడైనా కచ్చితం’.

"భూమ్మీద గాక ఇంకేడ తూస్తరన్నా?" అన్నాడు పెయింటర్, బ్రష్ ఆపి.

"గదొక పెద్ద కథ అన్నా," అంది స్వరూప. నడుము మీద చేతులు పెట్టుకొని బోర్డును పైనుంచి కిందికి చదివింది. "సార్, ఇంక జర తప్పుంది."

"మళ్ళీనా?"

"కింద జాగ ఉంది గద. గింకొక్క ముక్క రాయమనున్రి."

పెయింటర్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆ ముక్క ఇప్పటికీ ఉంది, చిన్న అక్షరాల్లో, రెండో వరుసలో: ‘చెయ్యి వదలనంత వరకే’. దాన్ని చదివి వచ్చేవాళ్ళు అదేమిటని అడుగుతూనే ఉంటారు. నేను చెబుతాను. నమ్మనివాళ్ళ కోసం మూలన పరుపు ఉంది.